చెరువులో చేపలెన్ని? లెక్క తేలేదెలా?

ప్రశ్న: మా చెరువు 30 ఎకరాలు. చేపపిల్లలు ఎన్ని వదిలామో తెలుసు, ఎన్ని బతికాయో తెలీదు. వేలం ముందు తెలుసుకునే దారి ఉందా?
– మత్స్య సహకార సంఘం సభ్యుడు, పలమనేరు

జవాబు: ఉంది, నీళ్లు తోడక్కర్లేదు. కొన్ని చేపలకు గుర్తు పెట్టి వదిలి, మళ్లీ వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూడటమే. బొచ్చె, శీలావతి నిలవనీటిలో గుడ్లు పెట్టవు కాబట్టి మధ్యలో కొత్తవి పుట్టి లెక్క చెడదు. గుర్తు పెట్టాక వాన పడి మరవ (అలుగు) పారిందా, చేపలు బయటికి పోతాయి, మళ్లీ మొదటికొచ్చినట్టే.

తెల్లవారి చల్లని వేళ వల లాగండి. 25 సెంటీమీటర్లు దాటిన చేపలనే తీసుకుని, తడిచేతులతో పట్టుకుని, ఎడమవైపు పొట్టరెక్క కొన సగం కత్తిరించండి. ఒక రాత్రి హాపాలో (నీళ్లలో కట్టే సన్నకన్ను వలతొట్టి) ఉంచి, చచ్చినవాటిని లెక్కలోంచి తీసేయండి. మిగతావాటిని తూము దగ్గరే గుమ్మరించకుండా చెరువంతా నాలుగైదు చోట్ల వదలండి. వారం పది రోజులకు మళ్లీ వల. ఇంకా ఆలస్యం చేస్తే రెక్క తిరిగి పెరిగి గుర్తు తెలియకుండా పోతుంది. ఈసారీ 25 సెంటీమీటర్లు దాటినవే లెక్కించాలి.

గణాంక శాస్త్రవేత్త చాప్‌మన్ 1951లో సవరించిన సూత్రం ఇది: గుర్తు పెట్టినవాటికి 1, రెండోసారి పడినవాటికి 1 కలిపి, రెండూ గుణించి, గుర్తుతో దొరికినవాటికి 1 కలిపి దానితో భాగించి, చివర 1 తీసేయాలి. 120కి గుర్తు పెట్టారు, రెండోసారి 180 పడ్డాయి, అందులో గుర్తున్నవి 11 అనుకోండి. 121 × 181 ÷ 12, అందులోంచి 1 తీస్తే 1,824.

ఆ అంకెను చూసి మురిసిపోకండి. గుర్తున్నవి 11 మాత్రమే గనుక అసలు సంఖ్య సుమారు 900 నుంచి 2,700 మధ్య ఎంతైనా కావచ్చు. అదే 300కి గుర్తు పెట్టి, 400 పట్టి, అందులో 65 గుర్తున్నవి తేలితే 1,500–2,200 మధ్యకు వస్తుంది. రెండు రోజుల శ్రమ ఎక్కువైనా అదే మేలు.

అన్నిటికన్నా చెడ్డ పొరపాటు ఒకటుంది. కత్తిరించిన చేపలు చెరువులోకి వెళ్లాక చచ్చిపోతే గుర్తున్నవి తక్కువ పడతాయి, లెక్క పెద్దదై కనిపిస్తుంది. లేని చేపలకు పాట పెరుగుతుంది. ఎండాకాలం నీళ్లు వేడెక్కి చేపలు నోళ్లు తెరుస్తున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి.

ప్రశ్న: పులికాట్‌లోనూ ఇదే లెక్క పనికొస్తుందా? – తడ

జవాబు: పనికిరాదు. సముద్రపు మొగ తెరిచి ఉంటే కత్తిపరిగ, రొయ్య వస్తూ పోతూ ఉంటాయి. అక్కడ వల-గంటకు ఎన్ని కిలోలు పడిందో రోజూ రాయండి: 3 వలలు 4 గంటలు ఉంచితే 12 కిలోలు, అంటే వల-గంటకు 1 కిలో. వల కన్ను మారిస్తే కొత్త పేజీ మొదలుపెట్టండి, పాతదానితో పోల్చకూడదు. కొన్నిటి పొడవు కొలిచి, పొట్ట కోసి గుడ్లున్నాయో లేదో పక్కన రాయండి. ఏ పొడవు దగ్గర సగం ఆడచేపల్లో గుడ్లు కనిపిస్తాయో, అంతకన్నా చిన్నవి పడని కన్నున్న వలే వాడాలి.