గోల్ఫ్‌లో ఫర్గివింగ్ ఐరన్స్ కొనాలంటే ముందు మీ మిస్ ఏదో తేల్చుకోవాలి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో ఏడాదిన్నరగా గోల్ఫ్ ఆడుతున్నారు, హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) 24 దగ్గర ఉంది. రేంజ్‌లో (ప్రాక్టీస్ చేసే చోట) సెవెన్ ఐరన్ బాగానే పోతోంది, కోర్సులో మాత్రం సగం దెబ్బలు గ్రీన్‌కి (గుంట ఉండే పచ్చికకి) చేరడం లేదు. అందరూ ఫర్గివింగ్ ఐరన్స్ (తప్పు దెబ్బను కాసే లోహపు తల క్లబ్‌లు; నంబర్ పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది) తీసుకోమంటున్నారు. ఏ సెట్ తీసుకోవాలి, షాఫ్ట్ (క్లబ్ కర్ర) గ్రాఫైటా స్టీలా, సెకండ్ హ్యాండ్ అయితే పర్వాలేదా?

మోడల్ పేర్ల కంటే ముందు ఒక విషయం అండీ. ఫర్గివింగ్ అని అందరం ఒకే మాట వాడతాం గానీ అందులో మూడు వేర్వేరు గుణాలున్నాయి. బంతి టో (క్లబ్ తల కొస) వైపో హీల్ (షాఫ్ట్ దగ్గరి చివర) వైపో తగిలినప్పుడు దూరం, దిశ మరీ చెడకుండా కాయడం ఒకటి. క్లబ్ బంతికి వెనకే నేలను తాకినప్పుడు లోపలికి దిగబడకుండా జారడం రెండోది. బంతి ఫేస్ (బంతిని కొట్టే పలక) కింది అంచున తగిలినా గాల్లోకి లేవడం మూడోది. ఒక్కో ఐరన్ ఒక్కోదాంట్లో గట్టిది. మీ మిస్‌కి, అంటే మీకు తరచూ జరిగే తప్పు దెబ్బకి, సరిపడని గుణం కోసం ఎంత డబ్బు పోసినా స్కోర్‌కార్డు మారదు.

రేంజ్‌లో బాగుండి కోర్సులో చేరకపోవడం చాలామటుకు రెండో రకం మిస్‌కి గుర్తు. రేంజ్‌లో మనం కొట్టేది మ్యాట్ మీద. మ్యాట్ కింద గట్టి నేల ఉంటుంది కాబట్టి క్లబ్ బంతికి రెండు అంగుళాలు వెనక తగిలినా జారుకుంటూ వెళ్లి బంతిని లేపేస్తుంది. చేతికి కూడా పెద్ద తేడా తెలియదు. అదే స్వింగ్ గడ్డి మీద పడితే క్లబ్ మట్టిలో దిగి ఆగిపోతుంది, బంతి ఇరవై ముప్ఫై గజాలు తక్కువ పడుతుంది. అందుకే మ్యాట్ మీద మాత్రమే కొట్టి ఐరన్స్ ఎంచుకోవడం నాకు అసలు నచ్చని పద్ధతి.

మిస్ తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఆఫీసులో వాడే వైట్‌బోర్డ్ మార్కర్ చాలు. ఫేస్ తగిలే వైపు బంతి మీద శనగగింజంత చుక్క పెట్టి కొట్టండి. ఆ చుక్క ఫేస్ మీద అచ్చు పడుతుంది. ప్రతి దెబ్బకీ ఫోన్‌తో ఫొటో తీసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ కొట్టండి. వామప్ అయ్యాక సెవెన్ ఐరన్‌తో 15 బంతులు, ఫైవ్ ఐరన్‌తో 10. ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చులు టో వైపు గుంపుగా ఉన్నాయా, హీల్ వైపా, కింది గ్రూవ్‌ల (ఫేస్ మీది గీతల) దగ్గరా అన్నది తెలిసిపోతుంది. తర్వాత బంతికి నాలుగు అంగుళాలు వెనక చిన్న టవల్ మడిచి పెట్టి 10 కొట్టండి. అందులో మూడు నాలుగు సార్లు టవల్ కదిలిందంటే మీది ఫ్యాట్ మిస్సే, అంటే క్లబ్ బంతికి వెనకే నేలను తాకుతోంది. గడ్డి రేంజ్ దొరికితే ఇంకా మంచిది: నేల మీద రెండు టీలు గుచ్చి, వాటి మధ్య గీత ఉందనుకుని బంతి లేకుండా స్వింగ్ చేయండి. డివట్ (క్లబ్ మట్టిలో చేసిన గుంట) ఆ గీతకు ముందు, అంటే టార్గెట్ వైపు మొదలైతే సరే. వెనక మొదలైతే విషయం తెలిసినట్టే.

ఇక హెడ్ (క్లబ్ తల) సంగతి. కావడి బద్ద రెండు చివర్లా బరువు వేలాడుతుంటే దాన్ని గిర్రున తిప్పడం కష్టం. అదే బరువు నడిమధ్యన కట్టి ఉంటే తేలిగ్గా తిరిగిపోతుంది. క్యావిటీ బ్యాక్ (హెడ్ వెనక గుంట తొలిచిన) ఐరన్ వెనకున్న సూత్రం అంతే. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా పనిచేసి పింగ్ కంపెనీ పెట్టిన కార్స్టెన్ సోల్‌హైమ్ మొదట పటర్లలో (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్‌లలో), ఆ తర్వాత ఐరన్స్‌లో బరువును మధ్యలోంచి తీసి అంచులకు జరిపాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2తో ఆ పద్ధతి మామూలు ఆటగాళ్ల బ్యాగుల్లోకి బాగా వెళ్లింది. బంతి టో వైపు తగిలినా ఫేస్ మెలి తిరగడం తగ్గుతుంది, బంతి వేగం మరీ పడిపోదు. ఈ గుణాన్నే ఎంఓఐ (మూమెంట్ ఆఫ్ ఇనర్షియా) అంటారు, బ్రోచర్లన్నీ దీన్నే చాటుతాయి. కానీ ఎంఓఐ ఎంత ఉన్నా ఫ్యాట్ దెబ్బను కాయలేదు, తెరిచి వచ్చిన, అంటే కుడికి తిరిగి ఉన్న ఫేస్‌ను మూయలేదు. పైగా అచ్చులు హీల్ వైపు పడేవాళ్లకి పొడవాటి హెడ్ మేలు చేయకపోవచ్చు, ఎందుకంటే బరువు కేంద్రం హోజల్ (షాఫ్ట్ దిగే మెడ) నుంచి ఇంకా దూరం జరుగుతుంది. వాళ్లు బంతికి నిలబడే దూరం, లై యాంగిల్ (షాఫ్ట్ నేలతో చేసే కోణం) ముందు చూపించుకోవాలి.

ఫ్యాట్ మిస్‌ని కాసేది సోల్. షాపులో క్లబ్‌ను తిరగేసి అడుగు చూడండి. ఫర్గివింగ్ సెట్లలో సెవెన్ ఐరన్ సోల్ దాదాపు అంగుళం వెడల్పు ఉంటుంది, బ్లేడ్లలో (పలుచటి హెడ్ ఉన్న పాత తరహా ఐరన్స్‌లో) అంతకంటే బాగా సన్నం. వెడల్పు ఒక్కటే చాలదు. ముందు అంచు కత్తిలా పదునుగా ఉందా, గుండ్రంగా మలిచారా అన్నది వేలితో తడిమి చూడండి. గుండ్రంగా ఉండి కాస్త బౌన్స్ (ముందు అంచు కంటే కిందికి ఉబ్బిన కోణం) ఉన్న సోల్ మట్టిలో దిగబడదు. స్రిక్సన్ ఐరన్స్‌లో కనిపించే వీ ఆకారపు సోల్ కూడా ఈ పనికే: ముందు భాగం నేలను తోసి లేస్తుంది, వెనక భాగం అడ్డు రాదు. బెంగళూరులో వానల నెలల్లో, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో ఫెయిర్‌వే (కోర్సులో గడ్డి కత్తిరించిన దారి) మెత్తబడినప్పుడు ఇలాంటి సోల్ విలువ తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో నేల గట్టిపడ్డాక మరీ వెడల్పాటి సోల్ ఎగిరి ముందు అంచు బంతి నడుముకి తగలొచ్చు. అందుకే ఫ్యాట్ మిస్ ఉన్నవాళ్లకి కూడా నేను అన్నిటికంటే లావు సోల్ కాక, మధ్యస్థ వెడల్పుతో ముందు అంచు గుండ్రంగా ఉన్నదే చెబుతాను.

థిన్ మిస్, అంటే అచ్చులన్నీ కింది రెండు గ్రూవ్‌ల దగ్గర పడుతుంటే, బరువు కేంద్రం బాగా కిందున్న హెడ్ కావాలి. క్లీవ్‌ల్యాండ్ హేలో లాంటి హైబ్రిడ్ (హెడ్ వెనక లావుగా, బోలుగా ఉండే క్లబ్) ఆకారపు ఐరన్స్ ఇలాంటివాళ్లకి బాగా పనిచేస్తాయి. చూడ్డానికి లావుగా ఉంటాయని కొందరు ఇష్టపడరు. ఫైవ్ ఐరన్ లేవక ఇబ్బంది పడేవాళ్లు ఆ సంకోచం పక్కన పెట్టడం మంచిది.

ఆఫ్‌సెట్ గురించి క్లుప్తంగా: ముందు అంచు షాఫ్ట్ కంటే ఎంత వెనక్కి ఉందన్నదే ఆఫ్‌సెట్. ఎక్కువ ఉంటే ఫేస్ మూసుకోవడానికి కాస్త సమయం దొరుకుతుంది, స్లైస్ కొట్టేవాళ్లకి, అంటే బంతి కుడికి వంగేవాళ్లకి మేలు. మీ బంతి ఎడమకు వంగి పోతుంటే తక్కువ ఆఫ్‌సెట్ చూసుకోండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు, లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం. పాత పద్ధతి సెవెన్ ఐరన్ 34, 35 డిగ్రీలు ఉండేది. ఇవాళ ఫర్గివింగ్ సెట్లలో అది 28 నుంచి 30 మధ్య ఉంటోంది. పింగ్ జీ430లో సెవెన్ ఐరన్ 29, పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్) 41. అంటే షాపులో కొత్త సెవెన్ ఐరన్ పది గజాలు ఎక్కువ పోయిందంటే, మీరు కొట్టింది దాదాపు పాత సిక్స్ ఐరన్. అది మోసం కాదు. బరువు కిందికి జరిపారు గనుక తక్కువ లాఫ్ట్‌తోనూ బంతి లేవాలి. స్వింగ్ వేగం ఉన్నవాళ్లకి లేస్తుంది కూడా. వేగం తక్కువైతే బంతి పల్లంగా వచ్చి గ్రీన్ మీద పడి ఆగకుండా అవతలికి పారిపోతుంది. అందుకే లాంచ్ మానిటర్ (బంతి వేగం, కోణం, దూరం కొలిచే యంత్రం) దగ్గర దూరం ఒక్కటే చూడొద్దు. బంతి దిగే కోణం అడగండి. సెవెన్ ఐరన్‌తో 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటే గ్రీన్ మీద ఆగుతుంది. 40 లోపు వస్తుంటే ఎక్కువ లాఫ్ట్ ఉన్న సెట్టో తేలికైన షాఫ్టో చూడాలి.

లాఫ్ట్‌లు ఇలా తక్కువగా ఉంటే సెట్ రెండు చివర్లా చిక్కు వస్తుంది. కింద, పిచింగ్ వెడ్జ్ 41 అయి మీ దగ్గరున్న సాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 15 డిగ్రీల ఖాళీ. నూరు గజాల లోపల సగం స్వింగులతో నెట్టుకు రావాల్సి వస్తుంది. 46, 51 దగ్గర రెండు వెడ్జ్‌లు కావాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. పైన, ఈ సెట్లలో ఫైవ్ ఐరన్ 22 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, పాత త్రీ ఐరన్ లాఫ్ట్ అది. మీ ఫైవ్ ఐరన్ సిక్స్ కంటే కనీసం 8 గజాలు ఎక్కువ పోకపోతే ఆ క్లబ్ బ్యాగులో దండగ. సిక్స్ నుంచి సెట్ తీసుకుని పైన హైబ్రిడ్ పెట్టండి. మొత్తం 14 క్లబ్‌ల పరిమితి ఎలాగూ ఉంది కాబట్టి ఆ చోటు వెడ్జ్‌కి ఉపయోగపడుతుంది.

షాఫ్ట్ విషయంలో రెగ్యులర్, స్టిఫ్ అన్న అక్షరాల (షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే ఆర్, ఎస్) కంటే బరువు ముఖ్యం. ఆ అక్షరాలకు అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు. ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్ కావచ్చు. గ్రాఫైట్ ఐరన్ షాఫ్ట్‌లు మామూలుగా 50 నుంచి 80 గ్రాములు, తేలికపాటి స్టీల్ 85 నుంచి 105, బరువైన స్టీల్ 120 నుంచి 130. మీ డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) స్వింగ్ గంటకు 85 మైళ్ల లోపు ఉంటే 60, 70 గ్రాముల గ్రాఫైట్‌తో మొదలుపెట్టి చూడండి. 85, 95 మధ్య ఉంటే తేలిక స్టీల్ సరిపోతుంది. మోచేతి నొప్పి ఉంటే వేగం ఎంతున్నా గ్రాఫైట్ వైపే మొగ్గండి. రోజంతా కీబోర్డు ముందు కూర్చుని, శనివారం మ్యాట్ మీద రెండు బకెట్లు కొట్టే మనవాళ్ల మోచేతులకి ఆ ఉపశమనం అవసరం. మరీ తేలికైతే ఏమవుతుందంటే, చేతికి క్లబ్ హెడ్ ఎక్కడుందో తెలియక పైనుంచి తొందరపడి లాగుతారు, అచ్చులు ఫేస్ అంతా చెల్లాచెదురవుతాయి. అప్పుడు పది గ్రాములు పెంచి మళ్లీ చుక్క పరీక్ష పెట్టండి.

లై యాంగిల్‌కి కూడా మార్కరే. బంతి మీద నిలువుగా గీత గీసి, గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద పడ్డ గీత గ్రూవ్‌లకు నిట్టనిలువుగా ఉంటే లై సరిపోయింది. పై కొస టో వైపు ఒరిగితే లై అప్‌రైట్‌గా (మరీ నిలువుగా) ఉందని, హీల్ వైపు ఒరిగితే ఫ్లాట్‌గా (మరీ వాలి) ఉందని అర్థం. కుడిచేతివాళ్లకి ఫ్లాట్ అయితే బంతి కుడికి, అప్‌రైట్ అయితే ఎడమకి మొదలవుతుంది. వెడ్జ్‌లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. క్యాస్ట్ (పోత పోసిన) హెడ్‌లను రెండు డిగ్రీలకు మించి వంచమని అడగకండి, విరిగే ప్రమాదం ఉంది. ఫోర్జ్‌డ్ (సాగగొట్టి చేసిన) హెడ్ మెత్తన కాబట్టి సులువుగా వంగుతుంది. షాఫ్ట్ అర అంగుళం పొడిగిస్తే లై ఒక డిగ్రీ అప్‌రైట్ అయినట్టు లెక్క, స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు చేతికి తెలిసే హెడ్ బరువు) మూడు పాయింట్లు పెరుగుతుంది.

బెంగళూరువాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, అంటే సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. గాలి పలచన వల్ల ప్రతి వెయ్యి అడుగులకూ బంతి ఒక శాతం పైచిలుకు ఎక్కువ పోతుంది. సముద్రం ఒడ్డున 150 గజాలు పోయే దెబ్బ ఇక్కడ కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్) కోర్సులో 155 పోతుంది. లాంచ్ మానిటర్లలో సముద్రమట్టానికి సవరించి చూపించే సెట్టింగ్ కొన్నిట్లో ఉంటుంది. ఫిట్టింగ్‌కి (మీ స్వింగ్‌కి క్లబ్‌లు సరిచూపించుకోవడానికి) వెళ్లినప్పుడు అది ఆన్‌లో ఉందో లేదో అడగండి. రెండు షాపుల్లో రెండు రకాల అంకెలు వచ్చి, ఒక సెట్ గొప్పదని పొరబడడానికి ఇదో కారణం. పండక్కి వైజాగ్ వెళ్లి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో ఆడేటప్పుడూ ఆ ఐదు గజాలు తీసేసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ నిస్సంకోచంగా తీసుకోవచ్చు. నాలుగైదేళ్ల కిందటి ఫర్గివింగ్ ఐరన్‌కీ కొత్తదానికీ మీ హ్యాండిక్యాప్ దగ్గర తేడా చాలా తక్కువ, మిగిలిన డబ్బు ఫిట్టింగ్‌కి, వెడ్జ్‌లకి పెట్టొచ్చు. చూడాల్సినవి: నైన్ ఐరన్, పిచింగ్ వెడ్జ్ గ్రూవ్‌ల అంచులు గోటికి తగులుతున్నాయా, నున్నబడిపోయాయా. అన్ని షాఫ్ట్‌ల స్టిక్కర్లూ ఒకటేనా, లేక ఒకటి రెండు మార్చారా. క్లబ్‌ను చెవి దగ్గర ఊపితే హెడ్ లోపల ఏమైనా గలగలలాడుతోందా. గ్రాఫైట్ అయితే హోజల్ పైన వెంట్రుకంత పగులు ఉందా. పింగ్ సెట్ అయితే హెడ్ మీది రంగు చుక్క చూడండి: నలుపు మామూలు లై, నీలం అప్‌రైట్, ఎరుపు ఫ్లాట్. పొడుగాటివాళ్లు చేయించుకున్న సెట్ మీకు దొరికితే, ధర ఎంత బాగున్నా బంతి ఎడమకే పోతుంది. ధర నమ్మలేనంత తక్కువగా ఉంటే సీరియల్ నంబర్ ఫొటో తెప్పించుకుని కంపెనీకి పంపి అడగండి, నకిలీ సెట్లు ఆన్‌లైన్‌లో తిరుగుతున్నాయి.

డబ్బు ఇచ్చేముందు సెవెన్ ఐరన్ ఒక్కటే కొట్టి సరిపెట్టకండి. ఫైవ్ లేదా సిక్స్, సెవెన్, పిచింగ్ వెడ్జ్ మూడూ అడిగి తీసుకుని, వీలైతే గడ్డి మీద, ఒక్కోదాంతో పది చొప్పున కొట్టండి. మీ పాత సెట్‌తో తీసిన ఫొటోల పక్కన ఈ అచ్చులు పెట్టి చూడండి. దూరాలు రాసుకునేటప్పుడు పదింట్లో అన్నిటికంటే దూరం పోయినదాన్ని కాక, అన్నిటికంటే చెడ్డగా తగిలిన మూడింటిని రాసుకోండి. ఆ మూడూ పాత సెట్‌లోని చెడ్డ మూడింటి కంటే గ్రీన్‌కి దగ్గరగా పడుతుంటే ఆ సెట్ తీసుకోండి.