కొరియా సంప్రదాయ సంగీతం, జాజ్ కలిస్తే అందులో ఏం వినాలి?

మీ ప్రశ్న ఇది: కొరియా పాత వాయిద్యాలని జాజ్‌తో కలిపి వాయించేవాళ్ళని వింటే ఒక్కోసారి గోలలా ఉంటోంది, ఇందులో నిజంగా ఏమైనా ఉందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉంది, చాలా ఉంది. నేను చిన్నప్పుడు రాజమండ్రిలో ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగం మీద కొరియాలోని సువన్‌లో నాలుగేళ్ళు ఉన్నాను. వెళ్ళిన కొత్తలో ఆఫీసులో ఒకాయన గొమున్గో అనే తీగల వాద్యం, శాక్సఫోన్ కలిసిన రికార్డింగ్ ఒకటి వినమని ఇచ్చాడు. నాలుగు నిమిషాలకే ఆపేశాను. శృతి నిలకడగా లేదనిపించింది, తాళం ఎక్కడుందో అందలేదు. కాబట్టి మీకు గోలలా ఉండటం నాకు బాగా అర్థమవుతుంది.

నా చెవి మారింది జాంగు క్లాసులో. జాంగు అంటే నడుము సన్నగా ఉండే రెండు ముఖాల డోలు. మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో ఒక కల్చరల్ సెంటర్‌లో గురువారం సాయంత్రాలు నేర్పేవారు. మొదటి రోజు టీచర్‌గారు మా చేతికి కర్ర ఇవ్వనేలేదు. నేల మీద కూర్చోబెట్టి ఊపిరి తీసుకోమన్నారు, అంతే. పీలిస్తే ఒళ్ళు కాస్త పైకి లేవాలి, వదిలితే కిందికి కుంగాలి, ఆ కుంగిన చోట దెబ్బ పడాలి. నేను అలవాటు కొద్దీ వేళ్ళ మీద లెక్కపెడుతుంటే నా చెయ్యి పట్టుకుని, 'లెక్క ఆపండి, ఊపిరి చూడండి' అన్నారు. వాళ్ళ సంగీతంలో సగం ఆ మాటలోనే ఉందని నాకు తర్వాత తెలిసింది. మనకి తాళం ముందే గీసి పెట్టిన గీత. అక్కడ దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం ఊపిరితో పాటు సాగుతుంది, బిగుస్తుంది.

రెండో నెలలో ఒత్‌మోరి అనే తాళం నేర్పారు. మూడు, రెండు, మూడు, రెండు, మొత్తం పది. వింటూనే నా నోట్లోంచి 'తకిట తక తకిట తక' అని వచ్చేసింది. టీచర్‌గారు ఆగిపోయి మళ్ళీ అనమన్నారు. వాళ్ళకీ నోటితో పలికే జతులున్నాయి: రెండు చేతులూ పడితే 'దోంగ్', ఎడమ చేతికి 'కుంగ్', కుడి చేతి సన్న వెదురు పుల్లకి 'దొక్'. ఆ సాయంత్రం ఆవిడ వాళ్ళ జతులు, నేను మన జతులు, పక్కపక్కన కూర్చుని అరగంట సేపు చెప్పుకున్నాం. ఆ అరగంట నేను జన్మలో మర్చిపోను.

ఇక అసలు విషయం. జాజ్ వచ్చి కొరియా సంగీతానికి మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడం, నేర్పలేదు. అది వాళ్ళ దగ్గర ముందే ఉంది. నైరుతి కొరియాలో, జొల్లా ప్రాంతంలో, పూనకాల పూజల్లో వాయించే షినావి అనే బృంద వాద్యం ఉంది. తలా ఒక వాయిద్యం పట్టుకుని, ఒకే తాళం మీద, ఎవరి దారిలో వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుపోతారు. ఫ్రీ ఇంప్రొవైజేషన్ చేసే జాజ్‌వాళ్ళు అది విని తమ చుట్టాల్ని కలిసినట్టు ఫీలవడంలో వింతేమీ లేదు. దానికి తోడు సాంజో ఉంది. ఒక్క వాయిద్యం, పక్కన జాంగు. చాలా నెమ్మదైన జిన్యాంగ్జో అనే తాళంతో మొదలై అంచెలంచెలుగా వేగం పుంజుకుంటుంది. గాయాగుమ్ అనే తీగల వాద్యం మీద ఈ పద్ధతికి ఆద్యుడిగా కిమ్ చాంగ్-జో (1865–1919) పేరు చెబుతారు.

అపశృతిలా అనిపించేది కూడా అపశృతి కాదు. గాయాగుమ్ వాయించేవాళ్ళు కుడి చేత్తో తీగ మీటి, ఎడమ చేత్తో అదే తీగని, దాన్ని ఎత్తి పట్టే చెక్క బ్రిడ్జికి అవతలి వైపు నొక్కుతారు. స్వరం వంగుతుంది, వణుకుతుంది, జారి ఆగుతుంది. మన గమకానికి దగ్గరే గానీ ఇంకా విడిగా, ఇంకా మొరటుగా ఉంటుంది. నాకా మొరటుతనమే ఇష్టం. పియానో కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పరిచి దాని మీద ఈ స్వరాన్ని కూర్చోబెడితే మాత్రం నలిగిపోతుంది. హోటల్ లాబీల్లో వినిపించే ఫ్యూజన్‌లో జరిగేది ఇదే. ఇరవై ఐదు తీగల కొత్త గాయాగుమ్ మీద పాశ్చాత్య పాటలు చక్కగా పలుకుతాయి, కానీ వంపు పోతుంది. అలాంటిది విని ఇంతేనా అనుకోకండి.

నిజంగా కలిసినవాళ్ళ గురించి చెప్తాను. 1978లో సోల్‌లో ఒక చిన్న థియేటర్‌లో జాంగు వాయించే కిమ్ దొక్-సు, ఆయన మిత్రులు పల్లె పొలాల్లో మోగే నాలుగు వాయిద్యాలని తొలిసారి వేదిక మీద కూర్చోబెట్టి వాయించారు. అదే సాముల్‌నోరి. ఆస్ట్రియా శాక్సఫోన్ కళాకారుడు వోల్ఫ్‌గాంగ్ పుష్నిగ్, గాయని లిండా షారక్, బాస్ గిటార్ జమాలదీన్ టకూమా ఉన్న రెడ్ సన్ బృందం తర్వాత వీళ్ళతో కలిసింది. 1994లో ఈసీఎమ్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసిన 'దెన్ కమ్స్ ది వైట్ టైగర్' ఆల్బమ్ వినండి, ఎవరు ఎవరికి పక్కవాద్యమో చెప్పలేరు.

అదే 1978లో కొరియా జాజ్ కళాకారుడు కాంగ్ తే-హ్వాన్ ట్రంపెట్, డ్రమ్స్‌తో ఒక ట్రియో మొదలుపెట్టాడు. ఆల్టో శాక్సఫోన్ పట్టుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో ఊదుతూ, ఒకే ఊపిరిలా నిమిషాల తరబడి వాయించేవాడు. చేతిలో కొరియా వాయిద్యం ఒక్కటీ లేదు. అయినా వింటుంటే నాకు మా టీచర్‌గారి ఊపిరి పాఠమే గుర్తొచ్చింది.

ఆస్ట్రేలియా డ్రమ్మర్ సైమన్ బార్కర్ కథ వేరు. కొరియా తూర్పు తీరంలో పూజలు చేసే కిమ్ సొక్-చుల్ వాద్యం రికార్డింగ్‌లో విని, ఆ మనిషి కోసం ఏడేళ్ళు వెతికాడు. ఆ వెతుకులాట మీదే ఎమ్మా ఫ్రాంజ్ డాక్యుమెంటరీ తీసింది, పేరు 'ఇన్‌టాంజిబుల్ అసెట్ నంబర్ 82'. జాలర్ల జాతరలకి కొరియా ప్రభుత్వం ఇచ్చిన వారసత్వ సంఖ్య అది. అందులో బే ఇల్-దోంగ్ అనే పాన్సోరి గాయకుడు కనిపిస్తాడు. ఏళ్ళ తరబడి జలపాతం దగ్గర సాధన చేసిన గొంతు. పాన్సోరి అంటే మన హరికథలా ఒక్కరే కథ చెబుతూ పాడేది, పక్కన ఒకే ఒక్క డోలు. ఆ డాక్యుమెంటరీ నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ కళ్ళు చెమర్చాయి.

మీరైతే ముందు గాయాగుమ్ సాంజో ఒకటి జాజ్ లేకుండా, మధ్యలో ఆపకుండా పూర్తిగా వినండి. తర్వాత నియర్ ఈస్ట్ క్వార్టెట్ 2018లో ఈసీఎమ్‌లో చేసిన ఆల్బమ్. సన్ సుంగ్-జే శాక్సఫోన్, కిమ్ యుల్-హీ పాన్సోరి గొంతు ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ వెళ్తాయి. ఆ తర్వాత బ్లాక్ స్ట్రింగ్ బృందం, వాళ్ళ 2016 ఆల్బమ్ 'మాస్క్ డాన్స్'. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హో యున్-జొంగ్ గొమున్గో మీద దృష్టి పెట్టండి. ఆరు పట్టు తీగలు, చేతిలో పెన్సిలంత వెదురు పుల్ల. పుల్ల తీగని దాటుకుని చెక్కకి తగిలినప్పుడు 'టక్' మంటుంది, దాని వెనకే స్వరం వస్తుంది. ఆ 'టక్' మీ చెవికి అందిన రోజు నాకు ఇక్కడ కామెంట్‌లో చెప్పండి, తర్వాత ఏం వినాలో రాస్తాను.