నిలబడ్డ కార్డినల్

ప్రశ్న: లండన్ నేషనల్ గ్యాలరీకెళ్తే ఎర్ర అంగీలో ఒకాయన నిలువెత్తు పెయింటింగ్ చూశామండీ, రిషెల్యూ అని రాసుంది. చర్చి పెద్దలు బొమ్మల్లో ఎక్కువగా కూర్చునే ఉంటారు కదా, ఈయనెందుకు నిలబడ్డాడు? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: భలే పట్టేశారండీ, అసలు విషయమంతా ఆ నిలబడ్డంలోనే ఉంది. అప్పట్లో నిలువెత్తు బొమ్మ అంటే రాజులకీ రాజ్యం నడిపేవాళ్ళకీ అన్న లెక్క, ఈయనేమో పేరుకి కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి స్థాయి పెద్ద) గానీ 1624 నుంచి 1642లో పోయేదాకా ఫ్రాన్స్‌లో పదమూడో లూయీకి ముఖ్యమంత్రి, పుట్టుక కూడా జమీందారీ కుటుంబంలోనే, అందుకని చిత్రకారుడు ఫిలిప్ ద షాంపేన్ ఆయన్ని రాజు ఫోజులో నిలబెట్టేశాడు. చేతిలో ఆ ఎర్ర టోపీ, మెడలో నీలం రిబ్బన్ చూశారా? ఆ రిబ్బన్ చర్చిది కాదండోయ్, రాజుగారిచ్చే హోలీ స్పిరిట్ బిరుదుది. ఇక ఆ గుడ్డ మడతలు... మనిషికంటే అంగీకే ఎక్కువ కష్టపడ్డాడేమో అనిపిస్తుంది నాకైతే.

అదే గ్యాలరీలో రిషెల్యూదే ఇంకో బొమ్మ ఉంది, మిస్సయ్యారేమో, ఒకే కాన్వాస్ మీద మూడు తలలు, మధ్యలో ఎదురుగా, అటూ ఇటూ పక్కనుంచి. రోమ్‌లో శిల్పం చెక్కేవాళ్ళ కోసం వేసి పంపింది. కుడివైపు తల పైన "ఈ రెండు పక్కల్లో ఇదే బాగుంది" అని ఫ్రెంచ్‌లో రాసుంటుంది. సెల్ఫీకి మనం మంచి సైడ్ వెతుక్కుంటాం చూడండి, అచ్చం అలాగే!