పాత గ్రాఫిక్స్ కార్డుకు గ్యారంటీ లేదన్న మాట ఎంతవరకు చెల్లుతుంది?

ప్రశ్న: మాది పాలకొల్లు. భీమవరంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారు రైస్ మిల్లులో గుమస్తా. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో గేమ్స్ ఆడుకోవడానికి పన్నెండు వేలు కూడబెట్టి, రాజమండ్రిలోని ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు 7,500 రూపాయలకు కొన్నాను. డబ్బు నాన్నగారి ఫోన్ నుంచి యూపీఐలో పంపాము. కొనేముందు వాట్సాప్‌లో "2304 కోర్లు ఉన్న ఫుల్ 580 యేనా అండీ?" అని అడిగితే "అవును, ఒరిజినల్ పీస్" అని జవాబిచ్చారు. బిల్లు ఇవ్వలేదు. షాపు పేరున్న చీటీ మీద "ఆర్‌ఎక్స్ 580 8 జీబీ, టెస్టింగ్ వారంటీ 7 రోజులు" అని రాసి ఇచ్చారు. తొమ్మిదో రోజు నుంచి గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు స్క్రీన్ నల్లబడి కంప్యూటర్ ఆగిపోతోంది. స్నేహితుడు చెబితే కార్డు లోపలి వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ వేసి చూశాను, అందులో కోర్లు 2048 అని ఉంది. పదకొండో రోజున షాపుకు వెళ్తే "సెకండ్ హ్యాండ్‌కి గ్యారంటీ ఉండదు, వారం దాటిపోయింది, పైగా మీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) బాగోలేదు" అన్నారు. నాకు ఏమైనా హక్కు ఉందా? కేసు వేయాలంటే గోదావరి దాటి రాజమండ్రి తిరగాలా? 420 కేసు పెట్టవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. కార్డు ఆగిపోతోందన్నది ఒకటి, మీరు అడిగిన కార్డు కాక వేరే కార్డు ఇచ్చారన్నది రెండోది. మీకు బాధ కలిగించింది మొదటిది కాబట్టి సహజంగానే మీరు దాని గురించే ఎక్కువ రాశారు, షాపు యజమాని కూడా దానికే జవాబు చెప్పి మిమ్మల్ని పంపేశారు. చట్టం ముందు మీకు బలమిచ్చేది మాత్రం రెండోది. ఈ తేడా మీరు ముందుగా గ్రహించాలి.

మన ప్రాంతపు ఉదాహరణే చెబుతాను. మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 విత్తనం కావాలని అడిగిన రైతుకు కిందటేడాది నిల్వ ఉన్న స్వర్ణ బస్తాను, పాతదని చెప్పి, తక్కువ ధరకు అమ్మారనుకోండి. మొలక శాతం తగ్గితే ఆ నష్టంలో కొంత రైతు తెలిసి ఒప్పుకున్నదే అవుతుంది. కానీ బస్తాలో ఉన్నది అసలు స్వర్ణే కాకపోతే, "పాత విత్తనం కదా, గ్యారంటీ లేదని చెప్పాం కదా" అన్న మాట దానికి జవాబు కానేరదు. పాతది కావడం వేరు, వేరొకటి కావడం వేరు. సెకండ్ హ్యాండ్ అన్న మాట వస్తువు ఎంతకాలం మన్నుతుందన్న భరోసాను తగ్గిస్తుందే గాని, అది ఏ వస్తువు అన్న భరోసాను తీసివేయదు.

1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 15వ సెక్షన్ చెప్పేది ఇదే. వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ఇది కాగితం మీద ప్రత్యేకంగా రాసుకోకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే భావించే షరతు, కొత్త వస్తువుకు మాత్రమే అని ఆ సెక్షన్ ఎక్కడా చెప్పలేదు. ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులను వివరిస్తూ, సరుకు ఫలానా ప్రమాణానిదని, ఫలానా నాణ్యత గలదని, ఫలానా మోడల్‌దని అబద్ధం చెప్పడాన్ని మొట్టమొదటి పద్ధతిగా పేర్కొన్నది. మోడల్ అన్న మాట చట్టంలోనే ఉండడం మీ విషయంలో చాలా ముఖ్యం.

మీ కార్డు సంగతి చూద్దాం. 2017 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 580లో 2304 షేడర్ యూనిట్లు ఉంటాయి. మీరు కోర్లని రాసినవి ఇవే, స్క్రీన్ మీద బొమ్మను లెక్కకట్టే చిన్న చిన్న భాగాలు. 2018 అక్టోబరులో చైనా మార్కెట్ కోసం 580 2048ఎస్‌పీ అన్న పేరుతో ఇంకొక రకం వచ్చింది. అందులో ఉండేవి, పేరులో చెప్పినట్టే, 2048. దానికంటే కింది మోడల్ అయిన ఆర్‌ఎక్స్ 570లో ఉన్నన్నే. అది నకిలీ సరుకు కాదు, తయారీదారు తన పేరుతోనే విడుదల చేసినది. కాబట్టి షాపు యజమాని రేపు "స్టిక్కర్ మీద 580 అనే ఉంది కదా, నేను చెప్పింది అబద్ధం కాదు" అని వాదించే వీలుంది. చీటీ ఒక్కటే మీ చేతిలో ఉంటే ఆ వాదనకు కొంత విలువ ఉండేది. కానీ మీరు అంకెతో సహా అడిగారు, ఆయన అవునన్నారు. ఆ ఒక్క వాట్సాప్ సందేశం మీ కేసుకు ప్రాణం. తక్కువ డబ్బుతో పాత సరుకు కొనేవాళ్లలో నూటికి తొంభై మంది ఇలాంటి ప్రశ్న ఫోన్‌లో అడిగి, నోటిమాట మీద డబ్బు కట్టేస్తారు. మీరు రాసి అడగడం నాకు నిజంగా సంతోషం కలిగించింది.

షాపు వారికి ఉన్న మంచి వాదన కూడా మీకు తెలియాలి. కౌంటర్ మీద కార్డు నడిపి చూపించి ఉంటే, వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ కింద ఒక మినహాయింపు వారికి దొరుకుతుంది. కొనుగోలుదారు సరుకును స్వయంగా పరిశీలించి కొన్నప్పుడు, ఆ పరిశీలనలో బయటపడవలసిన లోపాల గురించి తరువాత ఫిర్యాదు చేయకూడదన్నది దాని సారాంశం. అయితే అది నాణ్యతకు సంబంధించిన షరతుకు చెందిన మినహాయింపు, వర్ణనకు సంబంధించిన 15వ సెక్షన్‌కు అది వర్తించదు. పైగా స్క్రీన్ మీద విండోస్ కనబడినంత మాత్రాన లోపల ఎన్ని యూనిట్లున్నాయో కంటితో ఎవరికీ తెలియదు.

ఇక ఎస్‌ఎంపీఎస్ మాట. ఇది తేలికగా కొట్టిపారేయదగినది కాదు. ఆర్‌ఎక్స్ 580 సుమారు 185 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లే కాబట్టి, మిగిలినది ఎనిమిది పిన్నుల వైరు ద్వారా ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రావాలి. మీ పాత కంప్యూటర్‌లో ఆ వైరు లేక, హార్డ్ డిస్క్‌కు వెళ్లే వైర్లకు కన్వర్టర్ తగిలించి నడిపి ఉంటే, కార్డు ఆగిపోవడానికి కారణం మీ ఇంట్లోనే ఉందన్న వాదన నిలబడవచ్చు. అందుకే ఆగిపోయే సమస్యను మీ ఫిర్యాదులో రెండో స్థానంలో, మోడల్ తేడాను మొదటి స్థానంలో రాయండి. ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించినా 2048 కాస్తా 2304 కాదు. వీలైతే సరైన విద్యుత్తు ఉన్న మరొక కంప్యూటర్‌లో, వేరే దుకాణంలోని టెక్నీషియన్ ముందు ఒక్కసారి నడిపించి, ఏం జరిగిందో ఆయన చేత తేదీ వేసి రాయించి సంతకం తీసుకోండి. అక్కడా ఆగిపోతే మీ రెండో ఫిర్యాదు కూడా బలపడుతుంది. ఆగకపోతే ఆ అంశాన్ని నిజాయితీగా వదిలివేయండి.

ఆ పరీక్ష తరువాత కార్డును వాడడం మానండి. లోపం తెలిసిన తరువాత కూడా వాడుకుంటూ ఉంటే మీరు దాన్ని అంగీకరించినట్టేనని ఎదుటివారు వాదిస్తారు. ఫ్యాన్ విప్పి థర్మల్ పేస్టు మార్చడం, బయోస్ (కార్డును నడిపించే లోపలి ప్రోగ్రామ్) మళ్లీ రాయడం వంటి ప్రయోగాలు ఎవరు చెప్పినా చేయవద్దు. ఎందుకంటే ఇప్పుడు అది గేమ్స్ ఆడే కార్డు కాదు, సాక్ష్యం. కార్డు వెనుక ఉన్న సీరియల్ నంబరు స్టిక్కరు దగ్గర నుంచి మొదలుపెట్టి, దాన్ని కంప్యూటర్‌లో బిగించడం, జీపీయూ-జెడ్ తెరవడం, 2048 అన్న అంకె కనబడడం, ఇదంతా మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయించి ఉంచండి. లోపాన్ని పరీక్షతో తప్ప తేల్చలేమని ఫిర్యాదును విచారించే వినియోగదారుల కమిషన్ భావిస్తే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం దానికి ఉంది, అప్పుడు ఆ ఖర్చు మొదట మీరే జమ చేయవలసి వస్తుంది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, విత్తనమంతా చల్లేసిన రైతును పరీక్షకు నమూనా తెమ్మనడం సరికాదని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీ వస్తువు మీ చేతిలోనే ఉంది కాబట్టి ఆ వెసులుబాటు మీద ఆధారపడకండి.

వారం రోజుల వారంటీ దాటిపోయిందన్న మాటకు వస్తే, అది పాడైపోయే విషయానికి వర్తిస్తుంది గాని, వేరే మోడల్ ఇచ్చినదానికి వర్తించదు. బిల్లులో గడువేమీ లేనప్పుడు, లోపమున్న సరుకును ముప్పై రోజుల లోపల వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతేనని అదే సెక్షన్ 2(47) అంటోంది. వాళ్లు చీటీ మీద ఏడు రోజులని రాశారు కాబట్టి ఈ అంశం మీద వాదోపవాదాలు ఉంటాయి. అందుకే దీన్ని ప్రధానంగా చేసుకోవద్దంటున్నాను. బిల్లు ఇవ్వకపోవడం మాత్రం నిస్సందేహంగా వాళ్ల తప్పే, మీది కాదు. బిల్లు లేదు కాబట్టి హక్కు లేదని భయపడనక్కరలేదు. చీటీ, యూపీఐ చెల్లింపు వివరం, వాట్సాప్ సంభాషణ, ఈ మూడూ కలిస్తే కొనుగోలు రుజువైనట్టే. సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేస్తే తరువాత అభ్యంతరం రాదు.

డబ్బు నాన్నగారి ఫోన్ నుంచి వెళ్లిందన్న సందేహం అక్కరలేదు. కొన్నవారి అనుమతితో వస్తువును వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అయినా ఇద్దరి పేర్లతో ఫిర్యాదు వేయడం మేలని నా అభిప్రాయం.

గోదావరి దాటనక్కరలేదు. పాత చట్టంలో ఎదుటివారు వ్యాపారం చేసే చోటుకో, వ్యవహారం జరిగిన చోటుకో వెళ్లవలసి వచ్చేది. 2020 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుదారు నివసించే చోట కూడా ఫిర్యాదు వేయవచ్చు. అంటే షాపు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నా, పాలకొల్లు ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తుందో అక్కడే మీరు వేసుకోవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. న్యాయవాది లేకుండా మీరే స్వయంగా చెప్పుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వీడియో ద్వారా హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు. నేను న్యాయవాదినే అయినా చెబుతున్నాను, 7,500 రూపాయల వస్తువు కోసం అంతకు మించి వకీలు ఫీజు పెట్టకండి. చట్టం మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని అంటున్నా, వాస్తవంలో ఇంకా ఎక్కువ కాలం పడుతుందని సిద్ధపడి ఉండండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కానీ ఆలస్యం చేసిన కొద్దీ మీ మాట పలచబడుతుంది.

420 అన్నది ఇప్పుడు లేదు. 2024 జూలై 1 నుంచి మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద నిలబడాలంటే అమ్మే నాటికే మోసగించాలన్న ఉద్దేశం ఉన్నట్టు రుజువు కావాలి. హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో గుత్తగా తెచ్చుకున్న సరుకులో ఆ యజమాని తానే మోసపోయి ఉండవచ్చు. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ ఆగిపోయిన తరువాత అందులో వాడిన కార్డులు పెద్ద ఎత్తున పాత సరుకు మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో ఏది ఏమిటో చాలామంది చిన్న దుకాణదారులు పరీక్షించకుండానే అమ్మేస్తున్నారు. అందుచేత పోలీసు ఫిర్యాదుతో మొదలుపెట్టమని నేను సలహా ఇవ్వను. అలాగే ఆన్‌లైన్ రివ్యూలో జరిగింది జరిగినట్టు రాయండి గాని, దొంగ అన్న మాట వాడకండి.

ముందుగా ఒక పేజీ నోటీసు మీరే రాసి స్పీడ్ పోస్టులో పంపండి. కొన్న తేదీ, చెల్లించిన మొత్తం, మీరు అడిగిన ప్రశ్న, ఆయన ఇచ్చిన జవాబు ఉన్నవి ఉన్నట్టుగా, పరీక్షలో కనబడిన అంకె, పదిహేను రోజుల్లో కార్డు తీసుకుని 7,500 రూపాయలు తిరిగి ఇవ్వాలన్న కోరిక, ఇంతే ఉండాలి. కోపపు మాటలు వద్దు. దానికి స్పందన లేకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, ఆ తరువాతే కమిషన్. నా అనుభవంలో ఇంత చిన్న మొత్తాలు చాలా వరకు నోటీసు దగ్గరే తెగిపోతాయి. యజమాని పూర్తి డబ్బు ఇవ్వనని, 570 ధరకు లెక్కకట్టి తేడా ఇస్తానని అంటే, కార్డు వేరే కంప్యూటర్‌లో బాగా నడిచిన పక్షంలో అది ఆలోచించదగిన మాటే. నడవని పక్షంలో ఒప్పుకోవద్దు. పూర్తి డబ్బుకు ఒప్పుకుంటే మాత్రం, యూపీఐలో సొమ్ము వచ్చినట్టు నాన్నగారి ఫోన్‌లో చూసుకున్న తరువాతే, సీరియల్ నంబరు వేసి అందినట్టు సంతకం తీసుకుని కార్డు ఇవ్వండి. కార్డు అక్కడ పెట్టి, "సోమవారం వేస్తాను" అన్న మాట పట్టుకుని రైలెక్కకండి.