బాండు ధర ఒకసారి ముఖ విలువ (గడువు తీరాక తిరిగి వచ్చే అసలు మొత్తం) కంటే తక్కువగా, మరోసారి ఎక్కువగా ఎందుకు ఉంటుంది?

మార్కెట్ కోరే రాబడి కూపన్ రేటు (ముఖ విలువపై బాండు ఏటా ఇచ్చే వడ్డీ శాతం) కంటే ఎక్కువైతే బాండు ముఖ విలువ కంటే తక్కువకు, తక్కువైతే ఎక్కువకు అమ్ముడవుతుంది. రెండూ సమానమైతే ధర ముఖ విలువ దగ్గరే ఉంటుంది.

కారణం సులువే. స్థిర కూపన్ బాండులో వడ్డీ జారీ రోజే ఖరారైపోతుంది. ఆ తర్వాత మార్కెట్‌కు తగ్గట్టు కదలగలిగేది ధర ఒక్కటే.

తిరుపతి గాంధీ రోడ్డులో దుకాణం నడిపే ఒకాయన దగ్గర 1,000 రూపాయల ముఖ విలువ, 7 శాతం కూపన్, ఇంకా పదేళ్ల గడువు ఉన్న బాండు ఉందనుకుందాం. ఏటా 70 రూపాయలు చేతికొస్తాయి. అంతే భద్రత, అంతే గడువు ఉన్న కొత్త బాండ్లు 8 శాతం ఇస్తుంటే, ఆయన బాండును 1,000కి ఎవరు కొంటారు? సుమారు 933కు దిగాల్సిందే. కొత్తవి 6 శాతమే ఇస్తుంటే అదే బాండు 1,074 దాకా పలుకుతుంది. (70ని 8 శాతంతో భాగించి ధర 875 అనేయకూడదు, చివర్లో 1,000 తిరిగి వస్తుంది కదా.)

కూపన్ ఎక్కువుంటే లాభమూ ఎక్కువని చాలామంది పొరబడతారు. అలాంటి బాండును అధిక ధరకు కొన్నా, గడువు తీరాక దక్కేది ముఖ విలువే. అదనంగా పెట్టిన సొమ్ము ఆ పెద్ద కూపన్లలోంచే పూడాలి.