అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడే చెల్లాయికి

చెల్లాయీ,

అమ్మాయి డాలస్ వెళ్ళినప్పటి నుంచి నువ్వు పొద్దస్తమానం ఫోన్ పట్టుకునే ఉంటున్నావనీ, కాల్ పెట్టేశాక కళ్ళు తుడుచుకుంటున్నావనీ మరిదిగారు చెప్పారు. మా పిల్లలిద్దరూ దేశం దాటి చాలా ఏళ్ళయింది కాబట్టి చెప్తున్నాను. వీడియో కాల్‌ని చుట్టపుచూపులా చెయ్యకు. ఒకే ఇంట్లో మసలుతున్నట్టు వాడుకో.

"తిన్నావా, ఏం కూర, ఎందుకలా చిక్కిపోయావు" అని మొహంలో మొహం పెట్టి అడిగితే ఆ మూడు ప్రశ్నలతోనే మాటలైపోతాయి. నేను పొద్దున్నే ఫోన్‌ని పచ్చడి జాడీకి ఆనించి దొండకాయలు తరుక్కుంటూ ఉంటాను. అక్కడ మా అమ్మాయి ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటుంది. కాసేపు ఎవరం మాట్లాడం. కుక్కర్ కూత వినబడితే "అమ్మా, అది రెండోదా, మూడోదా?" అంటుంది. ఆఫీసులో ఎవరో అన్న మాటకి బాధపడితే అది అప్పుడే, ఆ మడతల మధ్యే బయటపడుతుంది. కూర్చోబెట్టి అడిగితే మాత్రం "ఏం లేదమ్మా" అనేస్తుంది.

వీడియోలో మాట్లాడితే మనిషి ఎందుకంత అలిసిపోతాడో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరంగా రాశారు. ఎదుటివాళ్ళ మొహం మరీ దగ్గరగా ఉంటుంది, మన మొహం మనకే కనబడుతూ ఉంటుంది, కదలడానికి ఉండదు. పగలంతా మీటింగుల్లో అలా కూర్చున్న పిల్లని రాత్రి నువ్వు కూడా అలాగే కూర్చోమంటే ఎలా చెప్పు? ఫోన్ కాస్త దూరంగా పెట్టు. కిటికీ నీకెదురుగా ఉండేలా చూసుకో, వెనకుంటే నీ మొహం నల్లగా పడుతుంది.

వేళ కూడా చూసుకోవాలి. మన పొద్దున్న ఏడు గంటలకి డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుకుంటారు, అప్పటి నుంచి మార్చిదాకా ఏడున్నర. కాల్ ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చెయ్యకు. ఒక వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకో.

చంటిదానికి ఫోన్ చూపించొద్దని అల్లుడన్నాడని నొచ్చుకున్నావట. అతను అన్నది పిల్లల మంచికే. ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్లు వద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది. అయితే సొంతవాళ్ళతో వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. అల్లుడికి ఆ మాట నెమ్మదిగా చెప్పు. రెండేళ్ళు దాటాక ఇంకా బావుంటుంది. రికార్డు చేసిన వీడియోలో చూస్తే నేర్చుకోని కొత్త మాటల్ని, ఎదుటి మనిషి బదులిస్తూ మాట్లాడే వీడియో కాల్‌లో ఆ వయసు పిల్లలు నేర్చుకున్నారని 2014లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. కాబట్టి యూట్యూబ్ పాటల లింకులు పంపడం మానేసి, నువ్వే చప్పట్లు కొడుతూ "చందమామ రావే" పాడు. దానికి తెలుగు రావాలంటే నీ నోటినించే రావాలి.

ఇక నాకు బెంగగా ఉండే సంగతి. ఫోన్‌లో కనబడేది మొహం ఒక్కటే. కాళ్ళ వాపు కనబడదు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం వినబడదు. జుట్టు దువ్వుకుని, బొట్టు పెట్టుకుని కూర్చుంటే ఎంత జ్వరమైనా దాచెయ్యచ్చు. మన వైపు తల్లులందరూ చేసే పని అదే. పిల్లలు కూడా "రోజూ చూస్తున్నాం కదా, బానే ఉన్నారు" అనుకుని ప్రయాణం వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు. నువ్వు అలా చెయ్యకు. మరిదిగారి షుగర్ రిపోర్టు ఉన్నదున్నట్టు చెప్పు. పెరట్లోకి నడిచి చూపించమని అమ్మాయి అడిగితే నడిచి చూపించు. సంక్రాంతికి రమ్మని నోరు విడిచి అడుగు. రోజూ చూసుకుంటున్నా, మనిషి వచ్చి పక్కన కూర్చోవడం వేరే.

గోదారి వరదప్పుడు మాత్రం వీడియోకి మించింది లేదు. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక అని టీవీలో రాగానే అక్కడ పిల్లలకి టెన్షన్ మొదలవుతుంది. నువ్వు వీధరుగు మీద నిలబడి మన వీధీ, కాలవ గట్టూ ఒక్క నిమిషం చూపిస్తే కుదుటపడతారు. చూపించి పెట్టెయ్, కరెంటు పోతే ఛార్జింగ్ కావాలి.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కూడా ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడకు. ఆ జనంలో సిగ్నల్ ఎలాగూ సరిగా అందదు. కాసేపు రికార్డు చేసి రాత్రికి పంపు, మిగతా సేపు నువ్వు చూడు. సాయంత్రం కాల్ ఉందని పక్కింటి అత్తయ్యగారి అరుగు మీదికి వెళ్ళడం మానేశావట, అది మాత్రం నాకు నచ్చలేదు. రేపు ఒంట్లో బాగోకపోతే ముందు తలుపు తట్టేది ఆవిడే.

ఆఖరిది, మరిదిగారికి కూడా చదివి వినిపించు. పోలీసు డ్రెస్సులో ఎవడో వీడియో కాల్ చేసి "మీ పేరు మీద కేసుంది, కెమెరా ముందునించి కదలొద్దు" అంటే వెంటనే కట్ చెయ్యండి. వీడియోలో అరెస్టు చెయ్యడం మన చట్టంలో లేదు. స్క్రీన్ షేర్ నొక్కమని కొత్తవాళ్ళెవరన్నా నొక్కద్దు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆదివారం అమలాపురం వచ్చేటప్పుడు ఫోన్లు రెండూ పట్టుకురండి. తెలియని నంబర్లనించి వచ్చే వాట్సాప్ కాల్స్ మోగకుండా సెట్టింగ్ పెట్టేస్తాను.

నీ అక్క