కోర్టు ఆర్డర్‌లో పాప వివరాలు నెట్‌లో కనిపిస్తుంటే ముందు ఎవరిని అడగాలి?

విడాకుల కేసు ఆర్డర్ కోర్టు వెబ్‌సైట్‌లో పెట్టారు, పాప పేరు కొట్టేశారు గానీ పుట్టిన తేదీ, స్కూలు పేరు అలాగే ఉన్నాయి, గూగుల్‌కి చెప్పి తీయించవచ్చా అని కదా అడిగారు. గూగుల్ దగ్గరికి అప్పుడే వెళ్లకండి. ప్రభుత్వ, కోర్టు సైట్లలో ఉన్నవాటిని వాళ్లు సాధారణంగా తీయరు, తీసినా అసలు ఫైల్ సైట్‌లో ఉండనే ఉంటుంది. ముందు కోర్టు ఆఫీసులో అర్జీ పెట్టి ఆ ఫైల్‌నే మార్పించాలి.

మా అక్క కూతురి విషయంలో ఆఫీసు చుట్టూ తిరిగింది నేనే. ఆర్డర్‌లో పాప పేరుకి బదులు పొడి అక్షరాలు వేశారు, బాగానే ఉంది, కానీ అమ్మానాన్నల పూర్తి పేర్లు, పాప పుట్టిన తేదీ, ఏ స్కూల్లో ఏ క్లాసో అన్నీ ఉన్నాయి, పోల్చుకోవడానికి తెలిసినవాళ్లకి ఇంకేం కావాలి? పైగా వెనకాల జతచేసిన బర్త్ సర్టిఫికెట్, ఫీజు రసీదు, డాక్టర్ చీటీ స్కాన్ చేసి అదే పీడీఎఫ్‌లో కలిపేశారు. కాబట్టి మొదటి రెండు పేజీలు చూసి ఊరుకోకండి, చివరిదాకా చూడండి. ఫైల్ పేరు కూడా చూడండి, లోపల పేరు కొట్టేసి ఫైల్‌కి మాత్రం పాప పేరే పెట్టేవాళ్లున్నారు!

ఇంకో సంగతి. పేరు మీద నల్ల డబ్బా గీసినంత మాత్రాన కింద అక్షరాలు పోవు. ఆ చోటు మౌస్‌తో సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, పేరు వచ్చేసిందంటే వాళ్లు దాచింది ఏమీ లేదు. మాకు సరిగ్గా ఇదే జరిగింది, క్లర్కుగారి కంప్యూటర్‌లోనే చేసి చూపించాక గానీ ఆయన నమ్మలేదు.

అర్జీలో "మా పాప వివరాలు తీసేయండి" అని రాస్తే పని కదలదు. కేసు నంబరు, లింకు, ఏ పేజీలో ఏ లైను, దాని బదులు ఏం ఉండాలి, అంతా రాయండి. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో సివిల్ కేసులకు రూల్ 5.2 అని 2007 నుంచి ఉంది, మైనర్ పేరుకి పొడి అక్షరాలు, పుట్టిన తేదీకి సంవత్సరం మాత్రమే. అలాంటి రూల్ మీ కోర్టుకి ఉందేమో లాయర్‌ని అడగండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 16వ అధికరణం పిల్లల గోప్యత గురించే, ఒక వాక్యం రాస్తే రాయండి, కానీ నా అనుభవంలో పని చేసింది పేజీ నంబర్లే. ఫైల్ మొత్తం మూసేయమని మాత్రం అడగొద్దు, తీర్పులు జనం చదవగలగాలి, ఆ మాటా న్యాయమే, పైగా ఒప్పుకోవడం కష్టం.

మార్చామని చెప్పాక పాత లింకు తెరిచి చూడండి, కొత్త ఫైల్ వేరే చోట పెట్టి పాతది వదిలేస్తుంటారు. అది కూడా పోయాక సెర్చ్‌లో ఇంకా పాత ముక్కలు కనిపిస్తుంటే అప్పుడు గూగుల్‌లో అవుట్‌డేటెడ్ కంటెంట్ ఫారం నింపండి. తీర్పులు కాపీ చేసి పెట్టుకునే ప్రైవేటు సైట్లకి విడిగా రాయాలి, మార్చిన ఫైల్ జతచేసి. మాకు ఒకరు వెంటనే మార్చారు, ఇంకొకరికి లాయర్ నోటీసు పంపాల్సి వచ్చింది.

అన్నట్టు, ఆ అర్జీలో పాప పూర్తి పేరు రాయకండి, అదీ ఆ ఫైల్లోకే చేరుతుంది.